స్వరూప గారి ఆయన ఎవరు?

మసాజ్ చేస్తాను అంటే మన వరంగల్‌లో ఎదుటివాళ్ళ కనుబొమలు రెండూ పైకి లేస్తాయి. ఒళ్ళు రుద్దుతాను అంటే మాత్రం "పాపం, కష్టపడే మనిషి" అంటారు. పని ఒక్కటే. రెండు మాటలూ అనిపించుకుని, మోకాళ్ళు మొరాయించాక ఈ మధ్యనే మానేశాను. నా పేరు భాగ్య. మా వాడలో ఇద్దరు అమ్మాయిలు స్పా కోర్సు పూర్తి చేసి ఉద్యోగాల్లో చేరబోతున్నారు. "అక్కా, జర చెప్పరాదు, పని ఎట్లుంటది?" అని నా వెంట పడ్డారు. ఏ నూనె ఎక్కడ రాయాలో కోర్సులో చెప్పారట, మనుషుల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదట. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయి, ఏ సారు ఎప్పుడు శాలువా కప్పాడు అనేవి ఇందులో వెతక్కండి. అవి నాకే గుర్తు లేవు.

బాలింతల ఇళ్ళ నుంచి

నేను మొదట సుబేదారిలో ఇళ్ళకు పోయి బాలింతలకూ పసిపిల్లలకూ నూనె రుద్దేదాన్ని. కాళ్ళు చాపుకుని, వాటి మీద పిల్లను పడుకోబెట్టుకుని రుద్దుతుంటే నానమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. "ముక్కు ఒత్తు, ముక్కు జర లేపు" అని ఒకటే పోరు. పిల్లకు వచ్చింది అచ్చం ఆ నానమ్మ ముక్కే. నేనేం చేసేది? ఒత్తినట్టు నటించేదాన్ని. పెద్దవాళ్ళకు అడ్డం చెప్పకుండానే పని చెడకుండా ఎలా చూసుకోవాలో నేను నేర్చుకున్నది అక్కడే.

తర్వాత ఊరికి గంటన్నర దూరంలో చెరువు పక్కన ఒక రిసార్టు తెరిచారు. చేతి పని తెలిసిన ఆడవాళ్ళు కావాలంటే పోయాను. మేనేజరు సారు హైదరాబాదు మనిషి, మెడలో టై. "స్వీడిష్ మసాజ్ వచ్చా?" అని అడిగాడు. "బాలింత మసాజ్ వచ్చు సార్" అన్నాను. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరే చేసి చూపించు అని కుర్చీలోనే మెడ వంచాడు. ఐదు నిమిషాల్లో టేబుల్ మీద తల పెట్టి నిద్రపోయాడు. ఇంటర్వ్యూ అంతే. మర్నాటి నుంచి డ్యూటీ.

కపుల్ అంటే ఎంతమంది?

జంట మసాజ్ అంటే ఒకే గదిలో రెండు బల్లలు. భార్య ఒకదాని మీద, భర్త ఒకదాని మీద బోర్లా పడుకుంటారు. ఆమెకు ఆడమనిషి, ఆయనకు మగమనిషి చేస్తారు. నాకు జోడీ కొమురన్న. తండ్రి మంగలి షాపులో తలలు రుద్ది రుద్ది చేతులకు పదును తెచ్చుకున్నవాడు. ఈ పనిలో అసలు విద్య ఏమిటంటే, ఇద్దరి చేతులూ ఒకేసారి కదలాలి. నేను ఆమె మడమ దగ్గర ఉంటే అతను ఈయన మడమ దగ్గర ఉండాలి. ఒకరు ముందు, ఒకరు వెనుక అయితే "ఆమెకే ఎక్కువ చేసిండ్రు" అని బయటికొచ్చాక పంచాయితీ పెడతారు. ఎవరైనా వెనకబడితే రెండోవాళ్ళు చిన్నగా దగ్గాలి. కొమురన్న నన్ను దగ్గించింది తక్కువ, నేను అతన్ని దగ్గించింది ఎక్కువ.

మధ్యాహ్నం దాకా బుకింగు ఫోను కూడా నా దగ్గరే ఉండేది. సెలవులకు వచ్చేవాళ్ళు ముందే ఫోన్ చేసి అడిగేవాళ్ళు.

"మేడం, కపుల్ మసాజ్ అంటే ఎంతమంది?"

"ఇద్దరు సార్."

"మేం నలుగురం వస్తున్నం. పిల్లలకు ఫ్రీయా?"

ఇంకొకామెకు పెళ్ళయి నెల కూడా కాలేదు. గొంతు బాగా తగ్గించి, "అక్కా, మా అత్తమ్మ కూడ వస్త అంటాంది. మూడో బల్ల వేస్తరా?" అని అడిగింది. "మూడో బల్ల లేదు, అత్తమ్మకు వేరే గది ఉంది, తలుపుకు లోపల గొళ్ళెం కూడా ఉంది" అన్నాను. ఆ పిల్ల ఎంత సంతోషపడిందో ఫోన్లోనే తెలిసింది. అమ్మాయిలూ, ఇది ఎక్కడా రాసి ఉండదు కానీ సగం ఉద్యోగం ఇదే. అవతలి మనిషి నోరు తెరిచి అడగలేనిదాన్ని మీరే కనిపెట్టి ఇవ్వాలి.

పేరు చెప్పని ఇల్లాళ్ళు

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

బుకింగు ఫారంలో ఇద్దరి పేర్లూ రాయాలని రూలు. మా దిక్కు కొంచెం వయసున్న ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. "సార్ పేరేంది అక్కా?" అంటే, "మా పిల్లల బాపు" అంటారు. "అది కాదక్కా, పేరు?" అంటే, "గదేనమ్మా, ఆయనే" అంటారు. ఒకామె పాపం సాయం చేద్దామని "తిరుపతిల ఉంటడు సూడు, గాయన పేరే" అంది. నేను వెంకటేశ్వర్లు అని రాశాను. ఆయన శ్రీనివాస్. రిసెప్షన్‌లో తన పేరు లేదని ఆయన చేసిన గోల ఇంతా అంతా కాదు.

నాకు విసుగొచ్చి మొగుళ్ళ పేర్లు అడగడమే మానేశాను. భార్య పేరు రాసి, పక్కన "ప్లస్ ఒకటి" అని పెట్టేదాన్ని. మేనేజరు సారు చూసిన ప్రతిసారీ "భాగ్యమ్మా, ఇద్దరి పేర్లు!" అని అరిచేవాడు. ఫారం హైదరాబాదులో తయారైంది, మొగుళ్ళు ఇక్కడ తయారయ్యారు అని నేను లోలోపల అనుకుని నవ్వుకునేదాన్ని. ఆయన మీద నాకు మంచి అభిప్రాయం లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన మాటే రైటు. ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇద్దరు స్వరూపలు

ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి రెండు జంటలు బుక్ అయ్యాయి. రెండూ స్వరూప పేరు మీదే. ఒకామె హనుమకొండలో బడిపంతులమ్మ, భర్త ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు. రెండో ఆమెది ఊళ్ళో మిర్చి వ్యవసాయం. ఇంకో రెండు వారాల్లో బిడ్డ పెళ్ళి. పెళ్ళి పనుల్లో పడితే మళ్ళీ ఊపిరాడదని ఆ బిడ్డే తల్లిదండ్రుల్ని రెండు రోజులు సెలవు మీద తోలింది. వాళ్ళ జన్మలో అదే మొదటి సెలవు. ఫోన్లో బుక్ చేసింది మాత్రం తల్లే. "కపుల్ మసాజ్" అని నోటితో అనడానికి బిడ్డ సిగ్గు పడిందట.

నేను తెలివిగా స్వరూప ఒకటి, స్వరూప రెండు అని రాసుకున్నాను. టీచరమ్మకు మొదటి గది, అక్కడ నేనూ కొమురన్నా; మిర్చి స్వరూపకు రెండో గది, అక్కడ మా ఇంకో జోడీ. ఆడవాళ్ళు ముందే గదుల్లోకి పోయి, జుట్టుకు టవలు చుట్టుకుని, దుప్పటి కప్పుకుని, బల్లకున్న రంధ్రంలో మొహం పెట్టి పడుకుంటారు. మగవాళ్ళు వేరేచోట తెల్ల గౌను వేసుకుని వరండాలోకి వస్తారు. తెల్ల గౌను వేశాక రైతూ సూపరింటెండెంటూ ఒక్కలాగే ఉంటారు. ఇద్దరూ గౌను ముందుభాగం రెండు చేతులతో పట్టుకుని నిలబడతారు.

నూనె కాగుతోందన్న తొందరలో నేను వరండాలోకి తొంగి చూసి, "స్వరూప గారి ఆయన ఎవరు?" అని కేకేశాను. అక్కడ ఒక్కడే ఉన్నాడు. "నేనే" అని చెయ్యెత్తాడు. తీసుకొచ్చి మొదటి గదిలో పడుకోబెట్టాను. సూపరింటెండెంటు గారు అప్పటికింకా గౌను తాడు ముడితో కుస్తీ పడుతున్నాడు. ఆయన వచ్చాక మిగిలిన గదిలోకి ఎవరో తోలారు.

గదిలో మసక వెలుతురు, సన్నగా వీణ పాట. నేనూ కొమురన్నా మడమల దగ్గర మొదలుపెట్టి పైకి వచ్చాం. ఇరవై నిమిషాలయ్యేసరికి ఏ వీపైనా వదులవుతుంది. కొందరు గురక పెడతారు, కొందరు ఏడుస్తారు, కొందరు మాట్లాడతారు. మొహాలు కనబడవు కాబట్టి మాట్లాడటం తేలిక. ఆ మనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"స్వరూపా. నీకొకటి చెప్పాల్నని వచ్చిన. ఇంటికాడ నోరు రాలే."

నా చేతుల కింద ఆమె భుజాలు కట్టెలా బిగుసుకున్నాయి. భార్యే కదా, ఏదో భయపడింది అనుకున్నాను.

"మీ అమ్మ సచ్చిపోయిన దినం యాది ఉన్నదా? మనం ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల మీద కూసున్నం. మీ తమ్ముడు ఫోన్ చేసింది మాపటికి కాదే. పొద్దుగాలనే చేసిండు. అమ్మకు సీరియస్‌గున్నది, దవాఖానకు అక్కను తోల్క రా బావా అన్నడు. నేను నీకు చెప్పలే."

ఆమె "ఊ" అంది.

"రేటు పెట్టేటోళ్ళు ఇప్పుడొస్తరు అప్పుడొస్తరు అనుకుంట కూసున్న. గంటల తేలిపోతది, అమ్ముకొని పోదాం అనుకున్న. ఆ దినం మార్కెట్ల బండ్లు కూడ మస్తు వచ్చినయి. ఆలస్యమైంది. మనం పోయేసరికి అమ్మ లేదు. అందరి ముంగట నీ తమ్ముడు 'నేను పొద్దుగాల్నే చేసిన' అంటే, చేయలే అన్న నేను. నువ్వు నన్నే నమ్మినవ్. తొమ్మిదేండ్లాయె, వాని గడప తొక్కలే నువ్వు. ఇప్పుడు బిడ్డ పెండ్లికి మేనమామ లేకుండ ఎవరో దూరపోని తోని గంప మోపిస్త అంటున్నవ్. నాకు అన్నం పోతలేదే."

మా పద్ధతులు తెలియనివాళ్ళకు చెప్తున్నాను, మా దిక్కు పెళ్ళిలో పెళ్ళికూతుర్ని గంపలో కూచోబెట్టి మేనమామే మండపానికి మోసుకొస్తాడు. ఆ ఒక్క పనికి ఇంకెవరూ సరిపోరు.

అప్పుడు నా బల్ల మీది మనిషి రంధ్రంలోంచి తల మెల్లగా పైకెత్తింది. నా వైపు చూసింది. పక్క బల్ల వైపు వేలు చూపించి, అడ్డంగా తల ఊపింది. ఈయన మా ఆయన కాదు అని. నా చేతులు ఆగిపోయాయి. వెనకబడ్డానని కొమురన్న దగ్గాడు. నేను కదల్లేదు. మళ్ళీ దగ్గాడు. టీబీ ఉన్నవాడిలా దగ్గుతూనే ఉన్నాడు.

"ఏమన్న అను స్వరూపా" అన్నాడు ఆ మనిషి.

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "అనవలసింది నేను కాదు నాయనా. మీ స్వరూప పక్క గదిల ఉన్నట్టున్నది."

ఆయన తలెత్తి చూసి వేసిన కేక చెరువు అవతలి గట్టు దాకా వినబడి ఉంటుంది. ఒంటి నిండా నూనె, దుప్పటి జారుతోంది, కొమురన్న పట్టుకోకపోతే బల్ల మీది నుంచి చేపలా జారిపడేవాడే. "అమ్మో! తల్లీ! తప్పయింది! మేడం, దండం పెడ్త, నేను సూడలే, ఏం సూడలే!"

"నువ్వు చూడలేదు గని నేను అన్నీ విన్న" అంది ఆమె, దుప్పటి మెడదాకా లాక్కుని, క్లాసులో కూర్చున్నంత ధీమాగా. తర్వాత నాతో అంది, "మొదటి మాటకే వేరే మనిషని తెలిసిపోయింది భాగ్యమ్మా. మా ఆయన పెండ్లయినప్పటి నుంచి ఇంత పొడుగు మాట మాట్లాడలే. ఆపుదామనుకున్న. రెండో మాట విన్నంక నోరు పెగల్లే."

జ్యూసు ఇచ్చిన సారు

రెండో గదిలో సూపరింటెండెంటు గారు గురక పెట్టి నిద్రపోతున్నాడు. ఆయనకు ఈ సంగతి ఏదీ తెలియదు, బహుశా ఇప్పటికీ తెలియదు. మిర్చి స్వరూపను మెల్లగా లేపి బయటికి తెచ్చి, మొగుళ్ళు గదులు మారిన సంగతి చెప్పాను. చెంప పగలగొడుతుందని ఒక అడుగు దూరంలోనే నిలబడ్డాను.

"అందుకే అనుకున్న" అంది ఆమె. "మా ఆయన గురక గిట్ల ఉండది. ఇంత సన్నగ ఎప్పటినుంచి పెడ్తాండు అని పరేషానయిన." కాసేపు కోపంగా చూసి, ఫక్కున నవ్వింది. మంచి మనిషి. ఆమెకు తెలియనిది నాకు తెలుసు కదా, ఆ నవ్వు చూశాక ఇంకా భయమేసింది.

మేనేజరు సారు పరుగున వచ్చాడు. అందరికీ ఉచితంగా జ్యూసు ఇవ్వమన్నాడు. నన్ను పక్కకు లాగి, ఫారం మీద ఇద్దరి పేర్లు ఎందుకు లేవు, రేపు ఆఫీసులో కనబడు, నీ ఉద్యోగం సంగతి అక్కడ చూద్దాం అన్నాడు. గదిలో విన్నది గదిలోనే వదిలేయాలి, గెస్టుల విషయాల్లో తలదూర్చకూడదు అని కూడా గుర్తు చేశాడు. ఆ రూలు మంచిదే. దాన్ని అప్పటిదాకా ఎప్పుడూ తప్పలేదు. ఎందరి రహస్యాలో నా అరచేతుల్లోనే ఇంకిపోయాయి.

వరండా చివర మిర్చి స్వరూప భర్త, పేరు మల్లేశం, జ్యూసు గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"అక్కా, నువ్వు విన్నది మర్చిపో. ఆ మేడం కూడ ఎవరికీ చెప్ప అన్నది. ఒక్కసారి ధైర్యం చేసిన, అది గిట్లయింది. దేవుడే వద్దన్నట్టు. ఇగ నాతోని కాదు."

నాకు ఒళ్ళు మండింది. దేవుడేం వద్దనలేదు, వద్దన్నది నా బద్ధకం. నేను ఒక్క పేరు రాసుకుని ఉంటే ఈ మనిషి చెప్పాల్సింది చెప్పాల్సినవాళ్ళకే చెప్పి, ఈపాటికి తేలికపడి ఉండేవాడు. తొమ్మిదేళ్ళు కూడగట్టుకున్న ధైర్యాన్ని నేను తీసుకుపోయి పరాయి ఆడమనిషి చెవిలో పోయించాను. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను.

"నేను మరుస్త, అన్నా" అన్నాను. "మేడం కూడ మరుస్తది. అందరి ముంగట అబద్దాలోడు అనిపించుకున్న ఆ తమ్ముడు మరుస్తడా?"

ఆయన గ్లాసు నేల మీద పెట్టి మళ్ళీ కూర్చున్నాడు.

నేను సారు దగ్గరికి పోయి, పొరపాటు మనది కాబట్టి ఈ జంటకు మసాజ్ మళ్ళీ మొదటి నుంచి చేస్తాం అన్నాను. జ్యూసుతో సరిపోతుంది కదా అన్నాడు. సరిపోదు సార్ అని, ఆయన జవాబు వినకుండానే సూపరింటెండెంటు గారిని టైమైపోయిందని లేపి పంపి, రెండో గదిలో కొత్త దుప్పట్లు పరిచాను. ఈసారి తలుపు దగ్గర నిలబడి, "మీ పేరేంది అన్నా?" అని మల్లేశాన్నే అడిగాను. అడిగితే చెప్తాడు. మగవాళ్ళను అడిగితే ఎప్పుడూ చెప్తారు, నాకే తట్టలేదు.

రెండోసారి

కొమురన్నకు నేను సైగ కూడా చేయలేదు. అతనికి తెలుసు. ఎప్పటికంటే నెమ్మదిగా చేశాం. మడమలు, పిక్కలు, నడుము. ఇరవై నిమిషాలు దాటాయి. ముప్ఫై దాటాయి. మిర్చి కోసి కోసి ఆమె భుజాలు రాళ్ళలా ఉన్నాయి. ఆమె మాత్రం హాయిగా "మంచిగున్నది బిడ్డా, గాడనే" అంటోంది. మల్లేశం వైపు నుంచి చప్పుడే లేదు. ఇక చెప్పడు అనుకున్నాను.

అప్పుడు చెప్పాడు. మొదటిసారి చెప్పినప్పుడు బండ్లు ఎక్కువ రావడం, రేటు పెట్టేవాళ్ళు ఆలస్యం చేయడం అన్నీ ఉన్నాయి. ఈసారి అవేవీ లేవు.

"నీ తమ్ముడు పొద్దుగాల్నే ఫోన్ చేసిండు స్వరూపా. నేను నీకు చెప్పలే. అందరి ముంగట వాడు అబద్దమాడిండు అన్న. అబద్దమాడింది నేను."

ఆమె భుజాలు బిగుసుకుంటాయని చూశాను. బిగుసుకోలేదు. చేతుల కింద ఏదో కూలిపోయినట్టు మెత్తబడ్డాయి. కొమురన్న దగ్గలేదు, నేనూ దగ్గలేదు. నా కళ్ళలోంచి ఆమె వీపు మీద నీళ్ళు పడ్డాయి, నూనెలో కలిసిపోయాయి. పనిలో ఏడవకూడదంటారు. ఏడ్చాను, ఏం చేస్తారు?

ఆమె లేచి కూర్చుంది. దుప్పటి చుట్టుకుంది. మొగుడి వైపు చూడలేదు. "నా ఫోన్ ఇయ్యి బిడ్డా" అంది. గదిలోకి ఫోన్లు తేకూడదని రూలు. పోయి తెచ్చాను. ఆమె నూనె చేతుల్లో జారుతుంటే, నా చేతులు తుడుచుకుని లౌడ్‌స్పీకర్ పెట్టి నేనే పట్టుకున్నాను. నంబరు చూడకుండా తనే చెప్పింది. తొమ్మిదేళ్ళుగా ఒక్కసారి కూడా కలపని నంబరు, తడుముకోకుండా చెప్పింది.

అవతల ఎత్తారు. "ఎవరూ?"

"నేను తమ్మీ. స్వరూపను."

అవతల ఊపిరి వినబడింది.

"నువ్వు పొద్దుగాల్నే చేసినవ్ తమ్మీ. నువ్వు నిజమే చెప్పినవ్. నాకు ఇయ్యాల తెలిసింది."

పక్క బల్ల మీద మల్లేశం మొహం రంధ్రంలోంచి తీయలేదు. వీపు ఎగిరెగిరి పడుతోంది. కొమురన్న ఆ వీపు మీద రెండు అరచేతులూ ఆనించి, రుద్దకుండా ఊరికే నిలబడ్డాడు.

"బిడ్డ పెండ్లి పెట్టుకున్నం" అంది స్వరూప. "వస్తవా?"

లైను కట్టయిందేమోనని నేను ఫోన్ చూశాను. కట్టవ్వలేదు. ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఆ మనిషి అడిగాడు.

"అక్కా, పిల్ల ఇప్పుడు ఎంత బరువుంటదే? నేను మోస్తనా?"